రెండు గంటల ఎడం

ఎముకలో చీము చేరిందన్నారు.
స్టీలు పలక, ఏడు మరలు, వాటి చుట్టూ
బావిగట్టు మీద పాకుడులా ఒక పొర.
మూడు నెలలు మాత్రలు. లొంగకపోతే ఆరు.

కౌనస్‌లో అప్పటికే నెమునస్ నది గడ్డకట్టింది.
నా సైకిల్ జారిన మలుపులో
ఏమీ ఎరగనట్టు కొత్త మంచు పడుతోంది.

పరగడుపున ఎర్ర గోళీ.
మొదటి వారం ఏడిస్తే
కన్నీళ్లు నారింజ రంగులో వచ్చాయి.
దిండు గలీబు చూసి హడలిపోయాను,
ఆనక నవ్వొచ్చింది.
ఇన్నేళ్లు ఏడ్చిన ఏడుపుకి ఒక్క మరకైనా మిగల్లేదు మరి.

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు
కడుపులో మంచీ చెడ్డా ఒకే మంటలో.
గోడ పట్టుకుని, ఒంటికాలి మీద,
రోజుకి ఏడు సార్లు స్నానాలగదికి.

మందుల షాపులో ఒక అర నిండా డబ్బాలు.
ఒకదాని మీద వెయ్యి కోట్లు,
పక్కదాని మీద అయిదు వేల కోట్లు.
అల్లికల మిల్లులో పద్నాలుగేళ్లు పనిచేసి
కోటి అంకె ఎక్కడా చూడనిదాన్ని,
మూడు డబ్బాలు కొన్నాను. మూడూ ఒకేసారి మింగాను.
రాత్రికి కడుపు డప్పయింది.
ఏది వాయించిందో తెలిసే దారి లేదు.

జివిలే, షాపులో పొడుగాటి అమ్మాయి, మందలించింది:
"ఒకటి మొదలుపెట్టు. రెండు వారాలు చూడు.
ఆ తర్వాతే రెండోది.
ఎక్కువ రకాలుంటే ఎక్కువ మేలని
నాకెవరూ రుజువు చూపించలేదు.
డబ్బా మీద అంకె కాదు, లోపలున్నదాని పూర్తి పేరు చదువు.
మాత్రకీ దీనికీ మధ్య రెండు గంటలు.
రెండో మాత్రకి పాలూ పడవు, కెఫీరూ పడదు, గుర్తుపెట్టుకో."

ఈస్ట్ గొట్టం సంగతి ముందే తెలుసు నాకు.
ఆసుపత్రిలో, చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా
సన్నటి గొట్టం వేసి ఉన్న రోజుల్లో
రిమ్‌గౌదస్ వచ్చాడు. విడిపోయి నాలుగేళ్లు.
ఎవరో చెప్పారట, బ్యాక్టీరియా మందు ఈస్ట్‌ని చంపలేదని.
మంచం పక్కనే క్యాప్సూల్ విప్పి
గ్లాసులో కలపబోయాడు.
నర్సు కేకకి గోడలు అదిరాయి:
"ఆ పొడి గాల్లో లేచి గొట్టం దారి పట్టిందంటే
నేరుగా నెత్తుట్లోకే!"
దొంగలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.
పెళ్లిరోజు తర్వాత
అతన్ని అంత భయంగా చూడటం అదే.

ఇప్పుడా గొట్టం లేదు. డాక్టరు సరేనన్నాక
రాత్రి పదింటికి ఈస్ట్.
పగలు పదింటికి ఇంకో రకం, జివిలే ఎంచింది.
స్కైస్తే రంగు పెన్సిళ్లతో పట్టిక గీసి
ఫ్రిజ్‌కి అంటించింది.
మాత్రలకి ఎరుపు, క్యాప్సూళ్లకి ఆకుపచ్చ.
మధ్యలో తెల్లగళ్లు.
"వీటికేం రంగు వేయాలి?" అంది.
వదిలెయ్యమన్నాను.

ఆదివారాలు పిల్లని దింపడానికి వచ్చేవాడు
గుమ్మం దాటేవాడు కాదు.
ఈ మధ్య సీసాలో కెఫీర్ తెస్తున్నాడు,
వాళ్లమ్మ గింజలతో తోడు పెట్టింది.
కదపకుండా ఉంచడమే దాని కిటుకని చెప్పి
తనూ కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు.
మేమిద్దరం ఎరుపూ ఆకుపచ్చా.
ఒకే కడుపులో ఒకే గంటకి పడలేకపోయాం,
అంతకన్నా పెద్ద తప్పు ఎవరిదీ కాదేమో.

బంగాళాదుంపలు చెక్కాడు. కిటికీ తుడిచాడు.
నా కాలి కింద దిండు సర్దాడు, అడక్కుండా.
కెఫీర్ గ్లాసులో పోసి, ఇవ్వబోయి,
ఫ్రిజ్ మీద పట్టికా గోడ మీద గడియారం చూసి
మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"ఇంకా ఇరవై నిమిషాలుంది," అన్నాడు.
కోటు విప్పాడు.